మొదటి రెండంగుళాలు

ఫిబ్రవరి 6

అక్కా,

ఈ ఉత్తరం మా ఆసుపత్రి లాండ్రీలో, దుప్పట్లు మడిచే బల్ల మీద పెట్టుకుని రాస్తున్నాను. కాగితం సబ్బు వాసన కొడితే ఏమనుకోకు. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. నేను అరిస్తే మా వీధంతా వింటుంది. ఈ సంగతి వీధికి తెలియడం నాకిష్టం లేదు.

నిన్న మా బొత్తాం వాళ్ల టీచరుగారు నన్ను పిలిపించారు. లెక్కల్లో ఇరవై అయిదుకి నాలుగు వచ్చాయట. మార్చి ఇరవై ఏడున ఆఖరి పరీక్ష. అందులో పది రాకపోతే మళ్లీ మూడో తరగతిలోనే కూర్చోబెడతారట. ఆవిడ మంచావిడే, కోపంగా ఏమీ అనలేదు. "ఇంట్లో కాస్త చూడండమ్మా" అన్నారు. నేనేం చూడను? ఎక్కాల పుస్తకం తెరిస్తే చాలు, అది మంచం కిందకి దూరుతోంది. కాలు పట్టి లాగితే ఏడుపు. వాళ్ల నాన్న బస్సు దిగి ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనమై ఉంటుంది, ఆయన్ని ఏమనగలను?

ఇంటికొచ్చే దారిలో దాన్ని ఓదార్చాలని, "పోనీలేవే, నాకూ చిన్నప్పుడు లెక్కలు రాలేదు" అన్నాను. అది టక్కున ఆగిపోయింది. "అయితే నాకు నీ బుర్రే వచ్చిందన్నమాట" అంది. ఆ మాట ఎందుకన్నానా అని రాత్రినుంచీ నన్ను నేను తిట్టుకుంటున్నాను.

స్నేహితురాళ్లంతా పై తరగతికి వెళ్లిపోయి, ఇది చిన్నపిల్లల మధ్య మిగిలిపోతే తట్టుకోలేదు. నువ్వేదైనా చెప్పు. రోజూ గుడ్డ కొలిచి కోసేదానివి, నీకు అంకెలంటే భయం లేదు.

నీ చెల్లి

*

ఫిబ్రవరి 11

ఏమే చెల్లీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. మంచం కింద దూరినందుకు నవ్వొచ్చింది. నువ్వూ ఇంజెక్షనంటే భయపడి తలుపు వెనక దాక్కునేదానివి, గుర్తుందా? ఒళ్లు మండింది నీ ఓదార్పుకి. నీ బుర్ర సంగతి దానికెందుకు చెప్పావే? అది ముక్కు నీది తెచ్చుకుంది, చాలు. పుట్టిన రోజున ఆ ముక్కు చూసే కదా బొత్తాం అని పేరు పెట్టాను.

నాకూ పెద్ద చదువేం లేదు. ముప్పై ఏళ్లుగా ఇరవై మిషన్ల మధ్య కూర్చుని చెవులు పోగొట్టుకున్నాను, అదే నా చదువు. కానీ ఒకటి తెలుసు. చేత్తో పట్టుకుంటే అంకె భయపెట్టదు. కాగితం మీద ఉంటేనే దానికి కొమ్ములు మొలుస్తాయి.

దీంతోపాటు ఒక డబ్బా పంపుతున్నాను. అందులో విడి గుండీలు ఉన్నాయి, ఎన్నో నేను లెక్కపెట్టలేదు, దాన్నే పెట్టమను. ఎక్కాల పుస్తకం మూసెయ్. ఇరవై నాలుగు గుండీలు తీసి వరసల్లో పేర్చమను. ఆరేసి నాలుగు వరసలు వస్తాయి. ఎనిమిదేసి మూడొస్తాయి. ఇంకెన్ని రకాలుగా పేర్చవచ్చో అదే కనిపెట్టాలి. నువ్వు పక్కన కూర్చో, కానీ నోరు మెదపకు. అది నీకు కష్టమని నాకు తెలుసు.

రెండోది, దుప్పటి. ఒకసారి మడిస్తే సగం, మళ్లీ మడిస్తే పావు, మళ్లీ మడిస్తే పావులో సగం. నువ్వు రోజూ చేసే పనే కదా, ఇంట్లో దానిచేత చేయించు.

మూడోది, కంచం. దాని అంచు చుట్టూ దారం తిప్పి కత్తిరించమను. ఆ దారం కంచానికి అడ్డంగా ఎన్నిసార్లు పడుతుందో చూడమను. తర్వాత గిన్నె మూతతో, ఆ తర్వాత బకెట్టుతో.

డబ్బాలో నా టేపు కూడా ఉంది. మా షాపు యజమాని అందరికీ షాపు పేరు అచ్చేయించిన కొత్త టేపులిచ్చి, ఇకనుంచి ఇవే మెడలో వేసుకోవాలన్నాడు. అందుకని పాతది బొత్తాంకి. పారేసిన వస్తువు అనుకోకు, ముప్పై ఏళ్లు నా మెడలో ఉన్న టేపు. ఒక్క నూలుపోగంత కూడా సాగలేదు. కనిపించినవన్నీ కొలుచుకోమను.

ముందు జానలతో కొలవాలి, టేపు తర్వాత. ఈ వరస తప్పవద్దు.

మీ అక్క

*

ఫిబ్రవరి 20

అక్కా,

గుండీలు నూట నలభై మూడు. మూడుసార్లు లెక్కపెట్టింది. రెండుసార్లు నూట నలభై మూడు, ఒకసారి నూట నలభై రెండు వచ్చాయి. ఆ ఒక్కటి కోసం ఇల్లంతా గాలించి, ఆఖరికి వాళ్ల నాన్న చెప్పు కింద దొరికితే గంతులేసింది.

ఇరవై నాలుగు అయిపోయాయి. ఇప్పుడు అన్ని అంకెల మీదా పడింది. పదమూడుతో పెద్ద గొడవ. ఎలా పేర్చినా ఎన్నో కొన్ని మిగులుతాయి, లేదంటే ఒక్కటే పొడుగు వరస. పదిహేడూ అంతే, పందొమ్మిదీ అంతే. వాటికి "మొండి అంకెలు" అని పేరు పెట్టింది. నిన్న బడికి వెళ్తూ చెప్పులు వేసుకుంటూ, "అమ్మా, నీకెన్నేళ్లు?" అంది. ముప్పై ఏడు అన్నాను. కాసేపు ఆలోచించి, "నువ్వు మొండిదానివే" అంది. నాకు నవ్వాగలేదు.

బల్ల జానలతో కొలిచాం. నాకు ఆరు, దానికి తొమ్మిది వచ్చాయి. ఎవరిది కరెక్టని అరగంట వాదన. తర్వాత టేపు తీశాం. యాభై అంగుళాలంది. అప్పటినుంచీ ఆ టేపు దాని మెడలోంచి దిగలేదు. తలుపు, మంచం, వాళ్ల నాన్న చెయ్యి, ఏదీ వదల్లేదు. టేపు మెడలో వేసుకుని నీలాగే పెదాల మధ్య గుండుసూది పెట్టుకోబోయింది. లాగేశాను.

దుప్పటి సంగతి చెబితే నువ్వు నమ్మవు. నాలుగు మడతలకి పదహారు పొరలు వచ్చాయి. "పదిసార్లు మడిస్తే?" అని అడిగింది. అది గుండీలతో మొదలుపెట్టి, గుండీలు చాలక కాగితం మీదకి వెళ్లి, వెయ్యి ఇరవై నాలుగు అని తేల్చింది. మర్నాడు లాండ్రీలో నా పక్కన మడిచే ఆవిడకి గొప్పగా చెప్పాను. ఆవిడ చేతిలో దుప్పటి వదిలేసి మరీ విన్నది.

కంచం దగ్గర మాత్రం ఏడ్చింది. దారం మూడుసార్లు పడి, కొంచెం మిగిలింది. తను తప్పు చేశానని మళ్లీ చుట్టింది. మళ్లీ మిగిలింది. మూతకీ అంతే. "నాకేదీ సరిగ్గా రాదు" అని దారం విసిరికొట్టింది. నాకు జవాబు తెలియదు కదా, నిన్ను అడుగుతానన్నాను. "అవును, పెద్దమ్మకైతే అన్నీ తెలుసు, నీకేం తెలీదు" అంది. పిల్లమాటే అనుకో. కానీ ఆ రోజంతా మనసులో ముల్లులా ఉండిపోయింది.

నీ మొండి చెల్లి

*

ఫిబ్రవరి 26

మొండి అంకె చెల్లీ,

బొత్తాంకి ఈ భాగం నువ్వే చదివి వినిపించు.

బొత్తాం తల్లీ, నువ్వేం తప్పు చేయలేదు. కంచానికీ, మూతకీ, బకెట్టుకీ, అన్నిటికీ మూడూ, పైన కొంచెం. ఆ కొంచెం ఎప్పుడూ ఒక్కలాగే మిగులుతుంది. మనం తప్పు చేస్తే ఒకసారి ఎక్కువ వస్తుంది, ఒకసారి తక్కువ వస్తుంది. ఎన్నిసార్లు చేసినా ఒకేలా వస్తే, అది నీ చేతిలో తప్పు కాదు. అది ఆ వస్తువు గుణం. నేను గొడుగులా గుండ్రంగా విచ్చుకునే గౌను గుడ్డ కోసేటప్పుడు రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

ఇది నీకు, చెల్లీ. పిల్లలు ఆ మాటలు అంటారు, తీసి పక్కన పెట్టు. నేను పక్కనుంటే నన్నూ అంటుంది.

పరీక్ష రోజుకి దానికో గౌను కుడతాను. కొలతలు మాత్రం అదే తీసుకోవాలి. ఛాతీ, నడుము, భుజం, పొడవు, చెయ్యి. టేపు చివర వాళ్ల నాన్న పట్టుకుంటాడు, అంకె అది చదవాలి, అదే రాయాలి. నువ్వు వేలు పెట్టకు. తను కొలిచిన గౌను తను తొడుక్కుని పరీక్షకి వెళ్తే, ఆ ధైర్యమే వేరు.

ఇక్కడ నా పని ఈ మధ్య బాగాలేదు. ఒకాయన కోటు బిగుతైంది. గుండీ పెట్టుకుంటే ఊపిరాడటంలేదని షాపంతా వినేలా అరిచాడు, నాకు కూడా వినపడింది, అంటే చూసుకో. యజమాని నా కళ్లజోడు వంక అదోలా చూశాడు. ఆయనే మధ్యలో లావయ్యాడేమో, ఎవరు చూడొచ్చారు!

మీ అక్క

*

మార్చి 3

అక్కా,

ఇవిగో కొలతలు. అంకెలన్నీ దాని రాతే. నేను వంటగదిలోంచి బయటికి రాలేదు, ఒట్టు.

ఛాతీ 27
నడుము 26
భుజం 13
పొడవు 30
చెయ్యి 8

కింద గీత కూడా స్కేలు పెట్టి అదే కొట్టింది. బకెట్టుకీ మూడూ కొంచెమే వచ్చిందని చెప్పమంది. "అది బకెట్టు గుణం" అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. బళ్లో అందరికీ గౌను సంగతి చెప్పేసింది. నేనే కొలిచాను, మా పెద్దమ్మ కుడుతోంది అని.

పోయిన వారం బళ్లో చిన్న పరీక్ష పెడితే ఇరవై అయిదుకి తొమ్మిది వచ్చాయి. ఇంకొక్కటి, అక్కా. ఇంకొక్కటే.

చెల్లి

*

మార్చి 10

చెల్లీ,

గౌను వేరే పార్సెల్లో పంపాను. నీలం గుడ్డ, జేబులు రెండు. జేబులో గుండీలు పోసుకోవడానికి.

ఏం తినిపిస్తున్నావే దానికి? రెండేళ్ల కింద నేను చూసినప్పుడు పుల్లలా ఉండేది. ఎనిమిదేళ్ల పిల్లకి భుజం పదమూడా అని ఒక్క క్షణం ఆగాను. తగ్గిద్దామా అని సుద్ద చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత సిగ్గేసింది. పిల్ల రాసిన అంకెని నేను దిద్దితే ఇక దానిచేత కొలిపించడమెందుకు? రాసినది రాసినట్టే గీసి కోశాను.

కోటు తర్వాత ఇంకో ఇద్దరి బట్టలు బిగుతయ్యాయి. ఒక చొక్కా, ఒక లాగు. పాత బట్టలు ఆదిగా తెచ్చేవాళ్లవి చక్కగా కుదురుతున్నాయి. నేను చేత్తో కొలిచినవాళ్లవే పాడవుతున్నాయి. నిన్న యజమాని కొత్తగా చేరిన అమ్మాయిని కొలతలకి పెట్టాడు. నన్ను అంచులు కుట్టమన్నాడు. "కళ్లకి విశ్రాంతి ఉంటుందమ్మా" అన్నాడు. ముప్పై ఏళ్ల తర్వాత అంచులు! నేను చేరిన మొదటి వారం కుట్టినవి అవే. కొత్తమ్మాయి ఎదురుగా కళ్లనీళ్లు పెట్టుకోకూడదని సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకుని కూర్చున్నాను.

చెవులు పోయినా బాధపడలేదు. కళ్లు కూడా పోతే ఏం చేయనే?

మీ అక్క

*

మార్చి 16

అక్కా,

నీ బాధ తెలిసి కూడా ఇది రాయాల్సి వస్తోంది.

గౌను వచ్చింది. బొత్తాం బడినుంచి పరిగెత్తుకుంటూ వచ్చి తొడుక్కుంది. భుజాలు కిందకి జారిపోయాయి, నడుము దగ్గర ఇంకో పిల్ల పడుతుంది. పక్కింటి పిల్లలిద్దరు చూడ్డానికొచ్చి పకపకా నవ్వారు. అది అద్దం ముందు అలాగే నిలబడి, "నేను సరిగ్గానే కొలిచాను" అంది. ఆ రోజు లాండ్రీలో ఇద్దరు రాక నా నడుం విరిగి ఉంది. నోరు జారాను. "ఒక టేపు పట్టుకోవడం కూడా రాదా నీకు?" అన్నాను. ఆ పిల్లల ముందే అన్నాను.

ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. గౌను మడిచి, గుండీల డబ్బా అల్మరా పైన పెట్టేసి, మంచం కిందకి వెళ్లిపోయింది. నెల రోజుల తర్వాత మళ్లీ మంచం కిందకి. ఎక్కం అడిగితే చెవులు మూసుకుంటోంది. పరీక్షకి పదకొండు రోజులున్నాయి.

ఇక ఆటలు చాలక్కా. లేని ఆశ పెట్టాం దానికి. అది నా కూతురు, నా బుర్రే దానిది. అనకుండా ఉందామనుకున్నాను కానీ అనేస్తున్నాను. "నీ బుర్రకి లెక్కలెక్కవు, నిన్ను ఎవరూ బాగుచేయలేరు" అని నాకు మొదట చెప్పింది ఎవరో తెలుసా? నువ్వే. నాకు ఏడేళ్లు. పలక మీద భాగహారం ఇచ్చి, నా జవాబు చూసి, నెత్తిన మొట్టి మరీ అన్నావు. నేను నమ్మాను. నువ్వు చెబితే నేను నమ్మని మాట ఏముంది అప్పుడు? మొన్న దాన్ని టేపు పట్టుకోవడం రాదా అన్నప్పుడు నాకు నీ గొంతే వినిపించింది.

చెల్లి

*

మార్చి 20

చెల్లికి,

రాసిన కొలతలకే కోశాను. నీ ఉత్తరం వచ్చాక ఆ కాగితం తీసి మళ్లీ చూశాను. ఇరవై ఏడు అంటే ఇరవై ఏడే గీశాను, చెక్క స్కేలుతో. నా కోతలో తప్పు లేదు. పిల్ల టేపు వదులుగా పట్టుకుని ఉంటుంది. చిన్నపిల్ల, పట్టుకుంటుంది, దానికి అంత రాద్ధాంతం ఎందుకు? పిల్లల ముందు దాన్ని అలా అనడం నీ తప్పు, నా గౌనుది కాదు.

పలక సంగతి నాకు గుర్తులేదు. చిన్నప్పుడు అందరూ మొట్టికాయలు వేసుకుంటారు. ముప్పై ఏళ్లు దాన్ని మనసులో పెట్టుకు తిరిగితే నేనేం చేయను? ఇక్కడ అందరూ నా కళ్లు పోయాయంటున్నారు, అక్కడ నువ్వు నా నోరు మంచిది కాదంటున్నావు. ఇంకేం మిగిలింది నాకు?

అంచులు కుట్టుకోవాలి, ఉంటాను.

అక్క

*

మార్చి 22

అక్కా,

నువ్వు కోపంగా ఉన్నావో లేదో తెలియదు, నీ జవాబు ఇంకా రాలేదు. ఆగలేక రాస్తున్నాను. ముందు బొత్తాం రాసిన కాగితం చదువు. నేను ఒక్క అక్షరం దిద్దలేదు.

"పెద్దమ్మా, నేను దారంతో నా నడుము చుట్టి దారం బడి స్కేలు మీద పెట్టాను. 24 వచ్చింది. కాగితంలో 26 ఉంది. ఛాతీ దారంతో 25, కాగితంలో 27. భుజం 11, కాగితంలో 13. అన్నిటికీ రెండే ఎక్కువ. అప్పుడు టేపుతో స్కేలునే కొలిచాను. స్కేలు 12. టేపు 14 అంది. బల్ల అడుగున 48 అని రాసి ఉంది, కింద దూరినప్పుడు చూశాను. టేపు 50 అంది. నేను తప్పు చేస్తే ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ రావాలి కదా, నువ్వే చెప్పావు. అన్నిసార్లూ రెండే ఎలా తప్పు చేస్తాను? ఇది నా చేతి తప్పు కాదు. టేపు గుణం. టేపు మొదట్లో ఒకటీ లేదు, రెండూ లేదు. మూడుతో మొదలైంది. ఎవరూ చూడలేదు."

నిన్న పొద్దున్న ఇది నా చేతిలో పెట్టి, స్కేలూ టేపూ బల్ల మీద పక్కపక్కన పరిచి, చేతులు కట్టుకుని నిలబడింది. నేను టేపు చివర చూశాను. రెండంగుళాల దగ్గర తెగి ఉంది. పోగులు లేవకుండా అంచు ఎంత ముద్దుగా చుట్టి కుట్టావంటే, టేపు అలాగే పుట్టిందనుకుంటారు ఎవరైనా. నెల రోజులు దాని మెడలో నా కళ్లెదుట వేలాడింది. నేను ఒక్కసారి కూడా టేపుని చూడలేదక్కా. పిల్లనే చూశాను. పిల్లలోనే తప్పు వెతికాను.

కింద కూర్చుని దాని చేతులు పట్టుకుని, "తప్పు నాదే, నన్ను క్షమించవే" అన్నాను. "ఆ పిల్లల ముందు అను" అంది. పక్కింటికి వెళ్లి వాళ్లిద్దరినీ పిలిచి మరీ అన్నాను. డబ్బా అల్మరా మీదనుంచి దించింది.

చెల్లి

*

మార్చి 27

నా చెల్లికి,

ఈపాటికి బొత్తాం పరీక్ష రాస్తూ ఉంటుంది.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. షాపులోనే చదివాను. చదివి నా మెడలో ఉన్న కొత్త టేపు చూసుకున్నాను. దాని మొదట్లో ఒకటీ ఉంది, రెండూ ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ల కింద ఇస్త్రీపెట్టె కింద పడి ఆ టేపు మొదలు కాలిపోయింది. కొత్తది అడగడానికి భయపడి, కాలినంత మేర కత్తిరించి కుట్టుకున్నాను. అప్పటినుంచీ మనిషిని కొలిచి అంకె చూస్తే, నా నోరు రెండు తగ్గించి చెబుతుంది. కొన్నాళ్లకి తగ్గిస్తున్నానన్న సంగతే మరిచిపోయాను. అందుకే నీకు చెప్పలేదు, చెప్పాలని తట్టలేదు. దాచలేదే, నిజంగా మరిచిపోయాను.

ఇప్పుడు నా మెడలో ఉన్నది పూర్తి టేపు. నోరు మాత్రం పాతదే. కోటాయనకి నలభై వస్తే ముప్పై ఎనిమిది అని రాయించాను. చొక్కా, లాగు, మూడింటి చీటీలూ తీయించి, ఆ బట్టలు వేసుకునేవాళ్లని మళ్లీ కొలిపించాను. ఒక్కొక్కటి సరిగ్గా రెండంగుళాలు తక్కువ. బొత్తాం కాగితం యజమాని ముందు పెట్టి చదవమన్నాను. ఆయన రెండుసార్లు చదివి, "ఈ అమ్మాయి ఎక్కడ పనిచేస్తుంది?" అన్నాడు. మూడో తరగతి అన్నాను. కొత్తమ్మాయి నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది. రేపటినుంచి కొలతలు మళ్లీ నావే. నా కళ్లకి ఏమీ కాలేదే! మూడో తరగతి పిల్ల నా కళ్లు నాకు తిరిగిచ్చింది.

ఇక పలక. గుర్తులేదని రాశాను. ఆ ఉత్తరం పోస్టులో వేసి ఇంటికి వచ్చే దారిలోనే గుర్తొచ్చింది. పచ్చ చట్రం పలక, ఒక మూల పగిలి ఉండేది. నాకు పదమూడేళ్లు. నీకు లెక్క చెప్పేదాకా ఆడుకోవడానికి వెళ్లొద్దని నాన్న కూర్చోబెట్టారు. బయట నా స్నేహితురాళ్లు పిలుస్తున్నారు. నీకు పెద్ద భాగహారం ఇచ్చాను. నువ్వు నాలుక బయటపెట్టి, చాలాసేపు కష్టపడి ఏదో జవాబు రాశావు. నేను మొట్టి, ఆ మాట అని, పలక తుడిచేసి పరిగెత్తాను.

చెల్లీ, ఆ భాగహారం నాకే రాదు. పెద్దగా కనిపించాలని ఇచ్చాను, అంతే. నీ జవాబు తప్పో ఒప్పో నాకు తెలియదు. ఈరోజుకీ తెలియదు. ఒప్పే అయి ఉండొచ్చు. సరిచూడకుండానే తుడిచేశాను. ఆ మాట నువ్వు ముప్పై ఏళ్లు మోస్తావని, నీ కూతురిదాకా వస్తుందని తెలిస్తే నా నాలుక కోసుకునేదాన్ని. నన్ను క్షమించు అని రాయడానికి కూడా మొహం చెల్లడంలేదు.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. నీకు నేను బట్టలు కుట్టి ఎన్నేళ్లయింది! నీ కొలతలు పంపు. ఆ పాత టేపుతోనే బొత్తాం కొలవాలి. రెండు తీసేయడం మాత్రం నువ్వు చెయ్. నేను కాదు, అదీ కాదు, నువ్వు.

అక్క

*

ఏప్రిల్ 5

అక్కా,

ఇరవై అయిదుకి పదిహేను! టీచరుగారు గుమ్మం దగ్గరే చెప్పారు. భాగహారాలు రెండు పోయాయట, గడియారం లెక్క అసలు ముట్టుకోలేదట. అయితేనేం, నాలుగో తరగతి. నేను బడి ముందే ఏడ్చాను. బొత్తాం నా కొంగు లాగి, "అమ్మా, అందరూ చూస్తున్నారు" అంది.

పరీక్షకి ఆ గౌనే వేసుకుని వెళ్లింది తెలుసా. వద్దన్నా వినలేదు. నడుముకి బెల్టు బిగించి, రెండు జేబుల నిండా గుండీలు పోసుకుంది. నడుస్తుంటే గలగలమని ఒకటే చప్పుడు. మొదట టీచరుగారు తీసేయమన్నారట. తర్వాత ఒక లెక్క దగ్గర ఇది బల్ల మీద వరసలు పేరుస్తుంటే ఊరుకున్నారట. గౌను చిన్నది చేయించనా అంటే ఒప్పుకోవడంలేదు. తలుపు మీద గీసుకున్న గీతల ప్రకారం తను ఏడాదికి రెండంగుళాలు పెరుగుతోందట, వచ్చే మార్చికి గౌను సరిపోతుందట. నిన్ను మళ్లీ ఆ గౌను మీద చెయ్యి వేయొద్దని చెప్పమంది.

నీ ఉత్తరం లాండ్రీలో చదివాను. పలక దగ్గరకి వచ్చేసరికి అక్షరాలు కనపడలేదు. పక్కావిడ ఏమైందని అడిగితే, "మా అక్కకి భాగహారం రాదట" అన్నాను. ఆవిడకి ఏమీ అర్థంకాలేదు. ఏడుస్తూనే నవ్వుతున్నాను మరి. ఇన్నేళ్లూ నేను కూడా ఆ జవాబు తప్పనే అనుకున్నాను. ఇకనుంచి ఒప్పని అనుకుంటాను. తుడిచేసింది నువ్వు కాబట్టి కాదనడానికి నీకు వీల్లేదు. నీ మొహం సంగతి నీ ఇష్టం, నా మనసులో ఇక ఏమీ లేదు.

ఇవిగో నా కొలతలు. టేపు పట్టుకుంది బొత్తాం. తీసివేతలు నావి.

ఛాతీ 38, తీసేస్తే 36
భుజం 17, తీసేస్తే 15
పొడవు 42, తీసేస్తే 40
చెయ్యి 12, తీసేస్తే 10
నడుము 35, తీసేస్తే 33

నడుము దగ్గర మొదట 32 అని రాశాను. బొత్తాం పెన్సిలు పట్టుకుని అన్నిటికీ టిక్కు పెట్టుకుంటూ వచ్చి, అక్కడ ఆగి నా మొహంకేసి చూసింది. "అమ్మా, ఇది తప్పు కాదు, దొంగతనం" అంది. దిద్దాను. అప్పుడు టిక్కు పెట్టింది.

అయిదుకి అయిదు, అక్కా.

నీ చెల్లి